నువ్వు డిలీట్ చేసిన ఫోటో గురించి కాదు

ఒంగోలు,
ఆదివారం

చిరంజీవి కార్తీక్‌కు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. బోరు మోటారు మళ్ళీ కాలిపోయింది, రివైండింగ్‌కి ఇచ్చాం. కింద వాటా ఖాళీ అయింది. అద్దెకొచ్చే వాళ్ళకి మీ నాన్న పెడుతున్న షరతులు వింటే ఈ జన్మలో అది నిండదనిపిస్తోంది. నాన్నమ్మ మోకాలి ఆపరేషన్ బాగా జరిగింది. కర్ర పట్టుకుని వంటింటి దాకా వచ్చి, పోపులో ఇంగువ తక్కువైందని చెప్పి మరీ వెళ్తోంది. కోలుకున్నట్టే.

ఫోన్‌లో నువ్వు "ఊఁ", "సరేమ్మా", "షిఫ్టుకి టైమైంది" తప్ప ఇంకో ముక్క మాట్లాడటం లేదు. వీడియో చెయ్యరా అంటే కెమెరా పోయిందంటావు. పోయిన కెమెరాతో ఫోటోలెలా తీస్తున్నావో నేను అడగను. కవిత వాళ్ళమ్మాయి ఇంగ్లండ్ వస్తోంది కదా, దాని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నా. కాగితాన్ని మధ్యలో కట్ చెయ్యలేవు.

మన ఫ్యామిలీ గ్రూపులో పెట్టి వెంటనే తీసేశావే, ఆ ఫోటో గురించి రాయడానికి కాదు ఇది. దాని గురించి నేనేం అనను. "బ్రో, ఫస్ట్ అప్‌గ్రేడ్, రెండిట్లో ఏది తీసుకోమంటావ్" అని అడిగావు. ఆ బ్రో ఎవరో గానీ, వాడికంటే ముందు మీ నాన్న చూశారు. ఒకటి స్క్రీన్ ఉన్న డబ్బా, ఇంకోటి ఇత్తడి గొట్టం. "వీడికి టార్చిలైటెందుకే, అక్కడ కరెంటు పోదుగా" అన్నారు. అది టార్చిలైటు కాదు, రెండూ వేప్‌లు, అంటే బ్యాటరీతో నికోటిన్ ద్రవాన్ని ఆవిరి చేసి పీల్చే ఈ-సిగరెట్లని నేనేమీ సరిదిద్దలేదు. ఆయన బీపీ ఇప్పుడిప్పుడే దారికొస్తోంది.

చలి మొదలైందా? ఆ బూడిదరంగు జాకెట్ జిప్పు బాగు చేయించుకున్నావా? రాత్రి షిఫ్టు నుంచి తలమీద ఏమీ లేకుండా నడిచి వస్తున్నావని చైతన్య చెప్పాడు. వాడు ఇంకా కొన్ని చెప్పాడనుకో. వాడిని తిట్టకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. పోయిన చలికాలం నుంచి సిగరెట్ ముట్టలేదట కదా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. తెల్లారి గుళ్ళో కొబ్బరికాయ కొట్టించాను. మొక్కు దేనికమ్మా అని మీ నాన్న అడిగితే మోటారు కోసం అన్నాను. హాస్టల్ నుంచి నువ్వు తెచ్చిన చొక్కాలు నాలుగేళ్ళు ఎవరు ఉతికారనుకుంటున్నావు? నాకు ఎప్పటినుంచో తెలుసు. పెద్దమామయ్య సంగతయ్యాక కూడా నువ్వు మానలేదంటే ఇక నేను చెప్పేదేముందని ఊరుకున్నాను.

కాబట్టి నువ్వు ఆ రంగురంగుల వాడిపారేసే వేప్ పుల్లలు పీల్చావంటే నాకు కోపం లేదు. సిగరెట్ కన్నా హాని తక్కువని మీ ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్యశాఖే చెబుతోంది. హాని లేదని మాత్రం అక్కడ ఎవరూ అనలేదు. సిగరెట్ అలవాటు లేనివాళ్ళు దాని జోలికి పోవద్దనీ చెబుతోంది. 2025 జూన్ 1 నుంచి ఆ పారేసేవి అమ్మకూడదన్నారు కనుక నింపుకునే రకానికి మారాలి, అదీ అర్థమైంది. అర్థం కానిదల్లా ఆ ఇత్తడి గొట్టం.

నేను ఇరవై తొమ్మిదేళ్ళు పదో తరగతికి ఓమ్ నియమం చెప్పాను. నీకూ చెప్పాను, నువ్వు కిటికీలోంచి క్రికెట్ చూస్తూ విన్నావు. మళ్ళీ చెప్తా: వోల్టులని ఓమ్‌లతో భాగిస్తే కరెంటు వస్తుంది. నిండా ఛార్జి చేసిన లిథియం సెల్ 4.2 వోల్టులు. ఆ గొట్టాల్లో పెట్టే కాయిల్, అంటే ద్రవాన్ని వేడిచేసే తీగ, 0.15 ఓమ్ అనుకో. 4.2ని 0.15తో భాగించు. 28 ఆంపియర్లు. నికార్సయిన శాంసంగ్ 25ఆర్ లాంటి సెల్ ఆగకుండా ఇవ్వగలిగింది 20. మిగతా ఎనిమిది ఎక్కడినుంచి వస్తాయి? సెల్ శక్తికి మించి లాగినవే అవి, అందుకే సెల్ వేడెక్కిపోతుంది. స్క్రీన్ ఉన్న డబ్బాలో ఒక బోర్డు ఉంటుంది. కాయిల్ నిరోధం చూస్తుంది, షార్ట్ అయితే ఆపేస్తుంది, సెల్ బాగా దిగిపోతే ఆగిపోతుంది. గొట్టంలో ఏమీ ఉండదు. మీట నొక్కితే సెల్ నేరుగా కాయిల్ మీద పడుతుంది. ఫ్యూజులు పీకేసిన మెయిన్ బోర్డు అది, దాన్ని మూతి దగ్గర పెట్టుకోవడం. ఓమ్‌మీటరు పెట్టి సొంతంగా తీగ చుట్టుకునే వాళ్ళు, లెక్క తెలిసిన వాళ్ళు వాడతారేమో, వాళ్ళ ఖర్మ. ఎవడో గదిలోవాడు సగం ధరకిస్తానన్నాడని మొదటి మెట్టుగా కొనేది కాదు.

అన్నట్టు గొట్టం పక్కన రెండు సెల్సు ఉన్నాయి. (ఫోటో తీసేసేలోపు నేను దాచుకున్నాలే.) వాటిమీద 9900 ఎంఏహెచ్ అని అచ్చేసి ఉంది, సెల్ ఎంత ఛార్జి దాచుకోగలదో చెప్పే అంకె అది. ఆ సెల్సు సైజు పేరు 18650, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. ఆ సైజులో మంచి కంపెనీ సెల్‌కి మూడు వేలు, మూడున్నర వేలు ఉంటే గొప్ప. గట్టిగా కరెంటు లాగడానికి చేసినవాటికి ఇంకా తక్కువ; నేను చెప్పిన 25ఆర్ 2500. తొమ్మిది వేల తొమ్మిది వందలని రాసుకున్నవాడు ఆంపియర్లు మాత్రం నిజం రాస్తాడా? ఒకదానికి ప్లాస్టిక్ తొడుగు అంచున చిరిగి ఉంది. ఆ సెల్ ఒళ్ళంతా మైనస్. పైన ప్లస్ చుట్టూ ఉన్న ఆ సన్నటి పొరే అడ్డం. అది చిరిగాక గొట్టంలో పెడితే, లేదా తాళాలు, చిల్లరతో కలిపి ప్యాంటు జేబులో వేసుకుంటే ఏమవుతుందో నేను రాయను, రాస్తే నాకే చెయ్యి వణుకుతుంది. సెల్సు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోవాలి. స్క్రీన్ ఉన్న డబ్బా రెండు సెల్సు పట్టే రకమైతే ఆ రెండూ ఒకేసారి కొనాలి, ఎప్పుడూ జంటగానే ఛార్జి చెయ్యాలి. పాతదీ కొత్తదీ కలపకూడదు.

సరే, ఇది వదిలేద్దాం. టంగుటూరు పొలం సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఏటా సంక్రాంతికి గుర్తొస్తుంది.

నేను తొమ్మిదో తరగతి. తాతయ్యకి బ్యారన్, అంటే పొగాకుని వేడితో ఆరబెట్టే కొట్టు, ఉండేది; కౌలుకి తీసుకున్న చేను కూడా కలుపుకుని వర్జీనియా పొగాకు వేసేవాడు. పండగ సెలవులు. కూలీలు సగం మంది ఊళ్ళకెళ్ళిపోయారు, ఆకు పండి కూర్చుంది. బ్యారన్ నింపకపోతే దళారులు నవ్వుతారని తాతయ్య చిందులు. సుగుణ పిన్నీ నేనూ మేం వస్తామన్నాం. అమ్మమ్మ వద్దంది. ఎవరు వింటారు! తెల్లారకుండానే వెళ్ళాం. మంచు ఎంత పడిందంటే చేలో దిగిన కాసేపటికే లంగా మోకాళ్ళ దాకా తడిసిపోయింది. అడుగు ఆకులు విరిచి, ఒకదానిమీద ఒకటి చంకలో పెట్టుకుంటూ సాలు చివరి దాకా వెళ్ళాలి, అక్కడ గోనెపట్టా మీద వెయ్యాలి. ఆకు బంకగా ఉంటుంది. వేళ్ళమధ్య మొదట పసుపు, తర్వాత ఆకుపచ్చ, ఎండెక్కేసరికి నల్లటి జిగురు. వేలుకి వేలు అతుక్కుపోయేది. పిన్ని తెలివైంది, తాతయ్య పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చింది. నేను జాకెట్‌తోనే, చంక నుంచి నడుము దాకా తడి ఆకు రసం.

పదిగంటలకి సద్దన్నం తెచ్చారు. చేతులు ఎంత కడిగినా ముద్ద చేదు. రెండు ముద్దలు తిన్నానో లేదో కడుపులో తిప్పింది. బ్యారన్ వెనక వేపచెట్టు దగ్గరికి పరిగెత్తా. మొదలైన వాంతులు ఆగలేదు. చెమటలు, ఒళ్ళు మంచుగడ్డ, బ్యారన్ గోడ పక్కకి ఒరుగుతున్నట్టు కనిపిస్తోంది. తాతయ్య సైకిలు మీద కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చాడు. అమ్మమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. చీరాల వాళ్ళ కళ్ళు పడ్డాయంది, వాళ్ళంటే ఆమెకి ముందునుంచీ పడదు. ఆర్ఎంపీ వచ్చి ఏదో సూది వేశాడు. చివరికి ఆకు కుట్టడానికొచ్చే మంగమ్మ చూసి నవ్వింది. "పచ్చాకు పట్టిందమ్మా పిల్లకి. ఆ తడిబట్టలు మార్చండి ముందు, సబ్బెట్టి ఒళ్ళు కడగండి." అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు, నేను ఆ రసంలోనే పడుకుని ఉన్నాను. కడిగారు. మర్నాటికి లేచాను. పిన్నికి ఏమీ కాలేదు. తాతయ్య మాత్రం మంచం మీద చుట్ట వెలిగించి, "ఆకు వాసనకే పడిపోతే ఎట్టా" అన్నాడు. ఆయన చివరి ఏడాది దగ్గు నువ్వు విన్నావు, అది మళ్ళీ రాయను. ఆ ఆకు వేలంలో పోయిన డబ్బుతోనే నా బీఈడీ అయింది, అదీ నిజమే.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆ రోజు నేను కాల్చలేదు, నమల్లేదు. మంచులో కరిగిన నికోటిన్ చర్మంలోంచి వెళ్ళింది, అంతే. నీ వేప్ ద్రవం సీసాలో ఉన్నదీ అదే నికోటిన్. అక్కడి చట్టం ప్రకారం మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాములు మించకూడదు, నికోటిన్ ఉన్న సీసా 10 మిల్లీలీటర్లు మించకూడదు. అంటే నిండు సీసాలో 200 మిల్లీగ్రాములు. చేతిమీద ఒలికితే వెంటనే సబ్బుతో కడుక్కో. నీ గదిలో ఆ నేపాలీ వాళ్ళ చంటిపిల్ల ఆడుకోవడానికి వస్తుందన్నావు. సీసా అల్మరా పైఅరలో ఉండాలి, మంచం పక్కన స్టూలుమీద కాదు.

ఆ స్క్రీన్ ఉన్న పెద్ద డబ్బా కూడా నాకు నచ్చలేదు. అలిగావా? విను. అది అరవై, డెబ్భై వాట్ల మీద ఊపిరితిత్తుల్లోకి నేరుగా లాగే రకం. నువ్వు ఇన్నాళ్ళూ పీల్చిన పుల్లలు సిగరెట్ లాగినట్టు ముందు నోట్లోకి లాగేవి. అలవాటైన ఆ 20 మిల్లీగ్రాముల సాల్ట్ నికోటినే (గొంతులో తేలిగ్గా దిగే రకం) పెద్ద డబ్బాలో పోశావంటే ఒక్కో పీల్పుకి ఎన్నో రెట్లు లోపలికెళ్తుంది. తల తిరిగి, కడుపులో తిప్పి, చెమటలు పడతాయి. నాకు తెలిసిన లక్షణాలే. అందులో మిల్లీలీటరుకి 3 మిల్లీగ్రాములున్నది పొయ్యాలి అంటారు: నికోటిన్ లేని 50 మిల్లీలీటర్లలో 18 ఉన్న 10 మిల్లీలీటర్లు కలిపితే 180ని 60తో భాగించి 3. లెక్క బానే ఉంది. కానీ 3 అని రోజంతా గుప్పుగుప్పున వదులుతూ పది మిల్లీలీటర్లు పీల్చేస్తే 30 మిల్లీగ్రాములు అయింది, తగ్గిందెక్కడ? పైగా 2026 అక్టోబర్ 1 నుంచి 10 మిల్లీలీటర్లకి 2 పౌండ్ల 20 పెన్సులు పన్ను పెట్టారు, నికోటిన్ ఉన్నా లేకపోయినా. ఆ 60 మిల్లీలీటర్లకి పన్నే 13 పౌండ్ల 20. గంటకెంతిస్తున్నారు నీకు ఆ గోడౌన్‌లో? ఆ పొగంతా గ్లిజరిన్ ఆవిరి, గదిలో అలారం మోగితే ఇంటి ఓనరు డిపాజిట్ ఇవ్వడు.

నేను చెప్పేది చిన్న పాడ్ కిట్, అంటే ద్రవం నింపుకునే చిన్న డబ్బీ (పాడ్) అమర్చే వేప్. లోపలే బ్యాటరీ, బోర్డు ఉన్నది, కాయిల్ మార్చుకునే వీలున్నది, లోపలికొచ్చే గాలిని తగ్గించుకునే వీలున్నది. కాయిల్ ఒక ఓమ్‌కి అటూఇటూ. పది, పదిహేను వాట్లు చాలు. కాయిల్ మీద ఎంత నుంచి ఎంత అని అచ్చేసి ఉంటుంది, కింది అంకెతో మొదలుపెట్టు. ద్రవం సగం గ్లిజరిన్, సగం పీజీ (ప్రొపిలీన్ గ్లైకాల్, పల్చటిది) ఉన్నది. చిక్కటిది పోస్తే ఆ చిన్న కాయిల్‌లో దూదికి అందదు. కొత్త కాయిల్ వేశాక నింపి పది నిమిషాలు ఆగు, దూది నానాలి, లేకపోతే మొదటి పీల్పుకే మాడిపోతుంది. నీకు ఆగడం అనేది లేదు, ఇడ్లీ ఆవిరి పట్టేదాకా కూడా ఆగేవాడివి కాదు. మొదట 20, ఒంటికి పట్టాక 10, ఆ తర్వాత ఇంకా కిందికి. సిగరెట్ మానడానికి పట్టుకున్నావు కదా దీన్ని. ఇది చేతిలో ఎంత చిన్నదైతే వదలడం అంత తేలిక. అక్కడ సిగరెట్ మానిపించే కేంద్రాలు ఉచితమట, పక్కన ఫార్మసీలో అడిగినా చెబుతారట. వెళ్ళు. అది సిగ్గుపడే పని కాదు.

సంక్రాంతికి వస్తే మాత్రం ఏదీ తేకు. 2019 చట్టం ప్రకారం ఇవి దేశంలోకి తేవడమే నేరం, మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ. మీ నాన్న శంషాబాద్ దాకా కారేసుకుని వస్తారు నీకోసం. అక్కడ కస్టమ్స్ వాళ్ళ దగ్గర ఆయన్ని నిలబెట్టకు. నికోటిన్ గమ్ తెచ్చుకో.

కవిత వాళ్ళమ్మాయికి 23 కిలోలే. అందులో మనకి నాలుగు ఇచ్చింది పాపం. గోంగూర, కందిపొడి, నాన్నమ్మ పట్టుబట్టి చేయించిన పప్పుండలు. పచ్చడి సీసాకి రెండు కవర్లు చుట్టి టేపేశాను, నిలువుగా పెట్టు. 9న దిగుతుంది. కోవెంట్రీ నుంచి బస్సులో వెళ్ళి నువ్వే తెచ్చుకో, ఆ పిల్లని మోయనివ్వకు. టోపీ పెట్టుకుని వెళ్ళు. నీ అకౌంట్లో కొంచెం డబ్బు వేశాను, అది చిన్నదానికే. పప్పుండల్లో సగం చైతన్యకివ్వు, వాడిని తిట్టి ఉంటావు కాబట్టి ఇంకో నాలుగు ఎక్కువివ్వు.

ఆశీస్సులతో
అమ్మ