నా చేతిరాత ఏడుగురిది

అందరికీ నమస్కారం.

వచ్చే సోమవారం నేను బ్యాంకులో క్లర్కుగా జాయిన్ అవుతున్నాను. ఆర్డరు వచ్చిన రోజు ఇంటికొచ్చిన వాళ్ళంతా నన్నూ, మా అమ్మనూ మెచ్చుకున్నారు. "పట్టుదలంటే నీదేనమ్మా" అన్నారు. సంతోషమే. కానీ ఆ పట్టుదలను కాగితం మీదకెక్కించిన చేతులు వేరే ఉన్నాయి. ఆ రోజు వాళ్ళ ఊసు ఎవరూ ఎత్తలేదు. అది నా మనసులో ఉండిపోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. మొదట బ్రెయిలీలో, తర్వాత ఫోన్లో, కంప్యూటర్లో తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పెట్టుకుని చదువుకున్నాను. చదివేది నేనే, గుర్తుపెట్టుకునేది నేనే. పరీక్ష హాల్లో మాత్రం ఇంకొకరు కావాలి. ప్రశ్న చదివి వినిపించి, నేను చెప్పింది చెప్పినట్టు రాసే మనిషి. స్క్రైబ్ అంటారు. 2016 నుంచి 2019 దాకా గుంటూరులో నా డిగ్రీ, మొత్తం 34 పేపర్లు, ఏడుగురు పిల్లలు రాశారు. పిల్లలని ఎందుకంటున్నానంటే, చదువులో నాకంటే ఒక మెట్టు కింద ఉన్నవాళ్ళే రాయాలని అప్పట్లో మా దగ్గర నియమం. అంటే ఇంటర్ వాళ్ళు. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, వారం వారం టెస్టులు. వాళ్ళకు అన్నం తినే తీరిక కూడా ఉండదని ఇంటర్ పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు. అలాంటివాళ్ళు కాలేజీలో చీవాట్లు తిని మరీ వచ్చి నా పక్కన కూర్చున్నారు.

పేర్లు రాయొద్దని వాళ్ళలో ముగ్గురు గట్టిగా చెప్పారు. మిగతా వాళ్ళవి రాసి వీళ్ళవి వదిలేయడం నాకు నచ్చలేదు. అందుకే ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరిది వారికి తెలిసిపోతుంది.

మాది చిలకలూరిపేట. బస్సులో వస్తుంటే ఎండుమిర్చి ఘాటు ముక్కుకు తగలగానే గుంటూరు మిర్చి యార్డు దగ్గరికొచ్చామని తెలిసేది. ఆ ఘాటు తగిలిన దగ్గర్నుంచీ నాకు ఒకటే భయం, స్క్రైబ్ వస్తారా రారా అని. మొదటి సెమిస్టరులో ఆ భయం నిజమైంది. ఒప్పుకున్న అమ్మాయికి జ్వరం. పరీక్షకు ఇంకా ముప్పావుగంటే ఉంది. మా లెక్చరర్ మేడమ్ ఎవరికో ఫోన్ చేశారు, వాళ్ళు ఇంకెవరికో చేశారు. చివరికి ఒక తమ్ముడు వాళ్ళ బాబాయి బండి మీద వచ్చి దిగాడు. ఇంగ్లిష్ మీడియం వాడు. ఒకటో తరగతి నుంచీ తెలుగు ఒక సబ్జెక్టుగా తప్ప రాసింది లేదు. నాదేమో తెలుగు మీడియం, హిస్టరీ పేపరు.

"విష్ణుకుండినులు" అన్నాను. పెన్ను ఆగిపోయింది. "అక్కా, షకి ణ వత్తా?" అని మెల్లగా అడిగాడు. ఇక్ష్వాకుల దగ్గర మళ్ళీ ఆగాడు. క్ష కింద వ వత్తు ఎలా పెట్టాలో నోటితో చెప్పాల్సి వచ్చింది. నేను బ్రెయిలీలో నేర్చుకున్నదాన్ని, కంటికి కనిపించే వత్తు ఎలా ఉంటుందో నాకు మాత్రం ఏం తెలుసు? ఆ పేపరులో రెండు ప్రశ్నలు వదిలేశాం. బయటికొచ్చాక ఆ పిల్లాడు ఏడ్చినంత పని చేశాడు. తర్వాతి పేపరుకు ఆరు రోజుల గడువుంది. ఆ ఆరు రోజులూ రోజుకు రెండు పేజీల చొప్పున న్యూస్‌పేపరు చూసి తెలుగు రాశాడట. ఆ సంగతి వాళ్ళమ్మ చెబితే తెలిసింది, వాడు చెప్పలేదు. ఆరో రోజు "శాతవాహనులు, విష్ణుకుండినులు, ఏదైనా చెప్పక్కా" అన్నాడు. ఆ పేపరులో ఒక్క ప్రశ్న కూడా వదల్లేదు.

స్క్రైబ్ పని తేలిక అనుకునేవాళ్ళు ఒకసారి ఆలోచించండి. నేను తప్పు చెబితే తప్పే రాయాలి, సరిదిద్దకూడదు. తనకు జవాబు తెలిసినా నోరు మెదపకూడదు. నేను ఆలోచిస్తుంటే తొందరపెట్టకూడదు. "ఆ పైన రాసింది ఒకసారి చదువు" అంటే విసుక్కోకుండా చదవాలి. మార్కులు నావి, రిజల్ట్ నాది, తనకు దక్కేది వేళ్ళ నొప్పి ఒక్కటే.

ఆ నొప్పి సంగతి నాకు తెలిసేలా చేసింది ఒక చెల్లి. మాకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి, కాబట్టి మూడు గంటల పేపరు నాలుగు గంటలవుతుంది. అందరూ లేచి వెళ్ళిపోయాక ఆ గదిలో ఫ్యాన్ చప్పుడు, తన పెన్ను చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఆ రోజు పెన్ను గీత మధ్యమధ్యలో తెగుతున్నట్టు వినిపించింది. చెయ్యి లాగుతోందా అని అడిగితే, "ఏం లేదక్కా, నువ్వు ఆపకు, మర్చిపోతావు" అంది. బయటికొచ్చాక తన చెయ్యి పట్టుకున్నాను. మధ్యవేలు పక్కన పెన్ను ఒత్తుకుని పల్లంలా దిగింది, చుట్టూ వాచి వేడిగా ఉంది. మరుసటి రోజు తనకు ఫిజిక్స్ టెస్టు. మా అమ్మ ఇచ్చిన సున్నుండల డబ్బా తీసుకుంది. బస్సు చార్జీలు మాత్రం ఎంత బతిమాలినా తీసుకోలేదు.

ఇంకో తమ్ముడి గురించి చెప్పాలి. ఐదో సెమిస్టరులో ఒక సెంటరులో మూడు గంటలు కాగానే పేపరు ఇచ్చెయ్యమన్నారు. అదనపు సమయం సంగతి తమకు తెలియదన్నారు. నా గొంతు పూడుకుపోయింది. పదిహేడేళ్ళ ఆ పిల్లాడు జేబులోంచి కాగితం తీశాడు. 2018 ఆగస్టు 29న కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రింటు. నేను అడగలేదు, తనే వెతికి తెచ్చుకున్నాడు. "సార్, ఈ లైను ఒక్కసారి చదవండి సార్" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ గంట నాకు దక్కింది. చదివిన చదువు నోటి నిండా ఉన్నా నేను చెప్పలేకపోయిన మాట, నాకోసం ఆ పిల్లాడు చెప్పాడు.

బ్యాంకు పరీక్షలు కంప్యూటర్ మీద. అక్కడ రాతకు బదులు చదివి వినిపించడం, నేను చెప్పిన ఆప్షన్ నొక్కడం. మూడుసార్లు పోయింది. నాలుగోసారి వచ్చిన తమ్ముడు డిగ్రీ మొదటి సంవత్సరం, ఎన్.ఎస్.ఎస్. (జాతీయ సేవా పథకం) వాలంటీరు. పట్టికలున్న లెక్కలు నాకెప్పుడూ గండమే. అతను అంకెల్లోకి వెళ్ళేముందు పట్టిక ఆకారం చెప్పేవాడు: "అక్కా, అడ్డంగా ఐదు వరుసలు, నిలువుగా నాలుగు గడులు, ఎడమవైపు ఊళ్ళ పేర్లు." దాంతో అది నా తలలో ముందే నిలబడేది. ప్రాక్టీసు కోసం నెల రోజులు రాత్రి తొమ్మిదికి ఫోన్ చేశాడు. ఒక్క రోజు కూడా మానలేదు.

ఇప్పుడు ఒక లెక్క చెబుతాను. 34 పేపర్లు, నాలుగేసి గంటలు, మొత్తం 136 గంటలు. ఎన్.ఎస్.ఎస్. వాలంటీరు రెండేళ్ళలో చెయ్యాల్సిన సేవ 240 గంటలు, అంటే ఏడాదికి 120. గాంధీజీ శతజయంతి నాటి 1969లో సెప్టెంబరు 24న 37 యూనివర్సిటీల్లో మొదలైన పథకం అది. మొక్కలు నాటినా, రక్తదాన శిబిరంలో పనిచేసినా, ఊరు శుభ్రం చేసినా ఆ గంటలు రాసుకుంటారు, సర్టిఫికెట్ ఇస్తారు, ఏటా జాతీయ అవార్డులూ ఉన్నాయి. అవన్నీ మంచి పనులే. నా ఏడుగురూ కలిసి ఒక వాలంటీరు ఏడాది కోటా కంటే ఎక్కువే చేశారు. ఎక్కడా ఒక్క గంట కూడా నమోదు కాలేదు. పైగా కాలేజీలో ఆబ్సెంట్ పడింది.

ఎన్.ఎస్.ఎస్. ప్రోగ్రామ్ ఆఫీసర్లు, ప్రిన్సిపాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే రెండు మాటలు అడుగుతాను. స్క్రైబ్‌గా కూర్చున్న గంటలను సేవ గంటలుగా రాయండి. ఆ రోజు హాజరు వెయ్యండి. పరీక్ష సెంటరు వాళ్ళు సంతకం పెట్టిన అనుమతి పత్రం ఎలాగూ ఉంటుంది, అంతకంటే రుజువు ఏం కావాలి? చూపు లేనివాళ్ళకే కాదు, చేతులు స్వాధీనంలో లేనివాళ్ళకూ స్క్రైబ్ కావాలి. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే సమస్య ఉన్నవాళ్ళకు కూడా ఆ హక్కు ఉందని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అవసరం పెరుగుతోంది. తెలుగు వేగంగా, తప్పుల్లేకుండా రాసే పిల్లలు మాత్రం దొరకడం లేదు. మీ ఇంట్లో అలాంటి పిల్లలుంటే పంపండమ్మా. ఒక్క టెస్టు పోతే పోతుంది.

మా లెక్చరర్ మేడమ్‌కు, పిల్లల్ని పంపిన ఆ ఏడు ఇళ్ళ అమ్మానాన్నలకు, బండి మీద తెచ్చి దించిన బాబాయికి, పేరుపేరునా నా నమస్కారాలు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో ఇద్దరి నంబర్లు మారిపోయాయి, ఎంత ప్రయత్నించినా కలవడం లేదు. ఇది మీ కంటపడితే ఒక్కసారి ఫోన్ చెయ్యండి. మీ ముఖాలు నాకు తెలియవు. పేరు చెప్పక్కర్లేదు, "అక్కా" అంటే చాలు, ఎవరో గుర్తుపడతాను.