గోగునార, జీడి తొక్క నూనె, సాలూరు లారీ: ఉత్తరాంధ్ర వర్సిటీలు ఈ పని చేయాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంజినీరింగ్ కాలేజీలు, వర్సిటీలు ఏదో ఒక కంపెనీతో ‘కాలుష్యం లేని రవాణా’పై పరిశోధనకు ఒప్పందం చేసుకున్నాయన్న వార్త జిల్లా పేజీల్లో తరచూ వస్తోంది. ప్రిన్సిపాల్ గారు, కంపెనీ ప్రతినిధి ఫైళ్లు మార్చుకుంటున్న ఫొటో కూడా ఉంటుంది. ఆ తర్వాత ఆ ఒప్పందం ఏమైందో ఎక్కడా రాదు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి కాబట్టి, ఏమవుతుందో నాకు కొంత తెలుసు. మేం ఒకప్పుడు ఒక కంపెనీతో ఒప్పందం రాసుకున్నాం. వాళ్ల ఇంజినీరు వచ్చి గెస్ట్ లెక్చర్ ఇచ్చారు, పిల్లల్ని ఫ్యాక్టరీకి తీసుకెళ్లి చూపించారు, గడువు అయిపోయింది. ఏ సమస్య మీద పని చేయాలో, ఎవరు ఎంత డబ్బు పెట్టాలో ఆ కాగితంలో ఒక్క వాక్యం కూడా లేదు. పని పేరే లేని ఒప్పందంలోంచి పని ఎలా పుడుతుంది?

మరోవైపు మన పిల్లలు ఫైనలియర్ ప్రాజెక్టుల కోసం విశాఖలోనో హైదరాబాద్‌లోనో రెడీమేడ్‌గా అమ్మే దుకాణాలకు వెళ్లి డబ్బిచ్చి కొనుక్కొస్తున్నారు. వాళ్లను తిట్టి లాభం లేదు. సొంతంగా తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటి వాళ్ల చేతిలో పెట్టిన వాళ్లెవరు? ఆ ప్రశ్నలు విజయనగరం, శ్రీకాకుళం అనే మన రెండు జిల్లాల చుట్టూ ఉన్నాయని చెప్పడానికే ఈ లేఖ.

కర్బనం తగ్గించే రవాణా అనగానే అందరూ బ్యాటరీ సెల్ గురించే మాట్లాడతారు. సెల్ తయారీ పరిశోధనకు కోట్ల రూపాయల డ్రై రూములు (గాలిలో తేమ లేకుండా చేసిన గదులు), ఖరీదైన యంత్రాలు కావాలి. అందులో చెన్నై, హైదరాబాద్‌లతో మనం ఇప్పట్లో పోటీ పడలేం, పడక్కర్లేదు కూడా. బండి బరువు తగ్గించడం కూడా ఇంధనం తగ్గించడమే. ఒక లీటరు డీజిల్ కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. రేపు కరెంటు లారీలు వచ్చినా బరువు లెక్క పోదు, ఇంకా పెరుగుతుంది. బ్యాటరీయే బోలెడు బరువు కాబట్టి బాడీ ఎంత తేలికైతే సరుకు అంత ఎక్కువ ఎక్కుతుంది.

సాలూరు సంగతే చూడండి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అది పార్వతీపురం మన్యంలోకి వెళ్లినా, లారీ అంటే మన ప్రాంతంలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సాలూరే. అక్కడి లారీ బాడీలు కట్టే షెడ్లలో ఛాసిస్ మీద ఇనుప ఛానెళ్లు, యాంగిళ్లు వెల్డింగ్ చేస్తారు, అడుగున మందపాటి చెక్క పలకలు బోల్టులతో బిగిస్తారు, క్యాబిన్ లోపల ప్లైవుడ్ కొట్టి రెక్సిన్ అంటిస్తారు. ఎక్కడైనా అనుమానం వస్తే మేస్త్రి ఇంకో యాంగిల్ వేస్తాడు. అతని వైపునుంచి చూస్తే అది సబబే. ఘాట్ ఎక్కి కోరాపుట్, రాయపూర్ వెళ్లే బండికి దారిలో బాడీ వదులైతే ఓనరు తిరిగొచ్చి నిలదీసేది అతన్నే. కానీ ఆ అదనపు యాంగిల్ బరువును లారీ తన జన్మంతా ఘాట్ ఎక్కిస్తూనే ఉంటుంది. ఏ యాంగిల్ అవసరమో, ఏది అక్కర్లేదో లెక్క కట్టి చెప్పే పని ఇంజినీరింగ్ కాలేజీది. ఆ షెడ్‌ను ‘ఇండస్ట్రీ’గా గుర్తించి ఏ కాలేజీ అయినా గుమ్మం తొక్కిందా? నాకు తెలిసినంతలో లేదు.

ఇప్పుడు గోగునార సంగతి. ఈ ఒక్క విషయం కొంచెం వివరంగా రాయనివ్వండి. శ్రీకాకుళం, విజయనగరం మెట్ట భూముల్లో గోగు పంటకు ఒకప్పుడు ఎంత గిరాకీ ఉండేదో పెద్దవాళ్లకు తెలుసు. జూట్ మిల్లులు ఒక్కొక్కటే లాకౌట్ అయ్యాక కొనేవాళ్లు తగ్గారు. కాడను చెరువులో ఊరబెట్టి, ఆ వాసన భరిస్తూ నార తీసే శ్రమకు తగ్గ ధర రాక రైతులు వేరే పంటలకు మళ్లారు. ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన కేంద్రం గోగులో ‘ఏఎంవీ’ పేరుతో మంచి రకాలు తయారు చేసింది. అంటే విత్తనం పరిశోధన మన దగ్గరే జరిగింది. ఆ నారను గోనె సంచి నుంచి వాహనం దాకా తీసుకెళ్లే పరిశోధన మాత్రం మనం మొదలుపెట్టలేదు. జపాన్‌లో టయోటా ఇదే జాతి నారను కార్ల తలుపుల లోపలి పలకలకు ఎప్పుడో వాడింది.

కారణం బరువులోనే ఉంది. ఒక ఘన సెంటీమీటరు ఉక్కు సుమారు 7.8 గ్రాములు తూగుతుంది. ఫైబర్ బాడీల్లో వాడే గాజునార దాదాపు 2.5 గ్రాములు. గోగు, జనుము లాంటి నారలు ఒకటిన్నర గ్రాముకు కాస్త అటూ ఇటూ. ఈ నారను రెజిన్‌తో, అంటే జిగురులా పట్టి గట్టిపడే రసాయనంతో కలిపి అచ్చులో పెట్టి నొక్కితే గట్టి పలక వస్తుంది. దానితో ఛాసిస్ చేయమని ఎవరూ అనరు. క్యాబిన్ లోపలి పలకలు, ఆటో వెనక ప్యానెళ్లు, టాపు లోపలి అస్తర్లు, బస్సు సీటు వెనక భాగాలు వంటి వాటికి సరిపోతుందా అన్నదే తేల్చాల్సింది.

చిక్కు లేకపోలేదు. మొక్క నార నీటిని పీల్చుకుంటుంది, ఉబ్బుతుంది, రెజిన్‌తో పట్టు వదులవుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన ప్రాంతం మనది. సముద్రపు గాలి, నెలల తరబడి తేమ మనకు మామూలే. నారను కాస్టిక్ సోడా నీళ్లలో శుద్ధి చేస్తే పట్టు మెరుగవుతుందన్నది తెలిసిన పద్ధతే. ఎంత గాఢతలో ఎంతసేపు ఉంచితే మన రకాలకు సరిపోతుందో ఎవరో ఒకరు ల్యాబ్‌లో కూర్చుని చూడాలి. జపాన్ వాతావరణంలో నిలిచిన పలక భోగాపురం తీరంలో నిలుస్తుందని ముందే అనుకోలేం. అగ్గి పరీక్ష కూడా తప్పనిసరి. 2022 వేసవిలో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. ఆ ఏడాది అలాంటి ప్రమాదాలు వరసగా జరిగాకే కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది. బ్యాటరీ దగ్గర పెట్టే ఏ పలకా మంటను పెంచకూడదు.

రెజిన్ కోసం కూడా దూరం పోనక్కర్లేదేమో చూడాలి. పలాసలో జీడి ఒలిచే ఆడవాళ్ల వేళ్లు నల్లబడి, తోలు ఊడేది తొక్కలో ఉండే నూనె వల్ల. ఆ నూనెలోంచే కార్డనాల్ అనే పదార్థం తీస్తారు. బ్రేకు లైనింగుల్లో, రంగుల్లో, ఎపాక్సీ అనే రెజిన్‌ను గట్టిపరిచే రసాయనాల్లో దాన్ని ప్రపంచమంతా వాడుతోంది. పలాస చుట్టూ ఉన్న ఉద్దానం జీడి తొక్క నూనెతో ఆమదాలవలస గోగునార పలక అతుకుతుందా, వానకూ ఎండకూ ఎన్నాళ్లు ఆగుతుంది? ఇలాంటి ప్రశ్న ఒక్కటి చాలు, రెండు మూడు పీహెచ్‌డీలకు, పదుల కొద్దీ ఫైనలియర్ ప్రాజెక్టులకు పని దొరుకుతుంది. పలకను లాగి, విరగ్గొట్టి చూసే యూటీఎం యంత్రం ఇంజినీరింగ్ కాలేజీల్లో ఉండనే ఉంది. ఇన్నాళ్లూ ఇనుప కడ్డీ తెంచి రికార్డు రాయడానికే వాడుతున్నాం.

మరో రెండు విషయాలు క్లుప్తంగా. తీరం వైపు తిరిగే ఈ-ఆటోల్లో వైర్ల కనెక్టర్లు చిలుము పట్టి ఆకుపచ్చగా మారుతున్నాయి. బ్యాటరీ పెట్టె సీలు వేసి ఉంటుంది కాబట్టి మన మెకానిక్ దాని మీద చెయ్యి వేయలేడు. బండి ఆగితే ఆటోవాలా రోజు కూలి పోయినట్టే. ఉప్పుగాలిని తట్టుకునే కనెక్టర్, ఊళ్లోనే రిపేరు చేసుకోగల పెట్టె కావాలి. ఇక మాంగనీసు. చీపురుపల్లి, గరివిడి గనులు, ఫెర్రో అల్లాయ్ పరిశ్రమ మనకు తెలిసినవే. అక్కడి కోడూరు పేరు మీద ‘కోడూరైట్’ అని ఒక శిలకే పేరు పెట్టారు. బ్యాటరీల్లో మాంగనీసు వాడకం ఉంది. మన ఖనిజం బ్యాటరీకి కావాల్సినంత శుద్ధి అవుతుందా, ఖర్చెంత అని ఇక్కడి రసాయన శాస్త్ర విభాగాలు చూడొచ్చు కదా.

డబ్బు లేదంటారు. నిజమే, మన వర్సిటీలకు చాలినంత లేదు. కానీ దారులున్నాయి. 2023 కేంద్ర చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ విద్యుత్ వాహనాలకు ‘మహా-ఈవీ’ అనే మిషన్ పెట్టింది. పెద్ద సంస్థ హబ్‌గా, దాని చుట్టూ చిన్న వర్సిటీలు కలిసి పనిచేసే ‘పెయిర్’ పథకం కూడా అదే నడుపుతోంది. పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలన్న కంపెనీల చట్టం, ప్రభుత్వ వర్సిటీల పరిశోధనకు ఇచ్చే సొమ్మును కూడా ఆ లెక్కలోకి రానిస్తుంది. పైడిభీమవరం పరిశ్రమల్లో రెజిన్ రసాయనం తెలిసిన కెమిస్టులు కూడా ఉంటారు. కొత్త ఆవిష్కరణలకు తోడ్పడే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు రాష్ట్రంలో విశాఖ, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురంలో శాఖలు పెట్టారు. విశాఖ శాఖ మన దాకా రావాలంటే మనమే ప్రశ్న పట్టుకుని వెళ్లాలి.

ఒప్పందం ఎలా ఉండాలో ఐఐటీ మద్రాసు రీసెర్చ్ పార్కు చూపించింది. అక్కడ చోటు తీసుకున్న కంపెనీ అద్దె కట్టి ఊరుకుంటే కుదరదు. ప్రొఫెసర్లతో, విద్యార్థులతో కలిసి ఎంత పని చేసిందో దానికి క్రెడిట్లు, అంటే పాయింట్లు చూపించాలి. 2013లో ఏథర్ కరెంటు స్కూటర్ల కంపెనీ మొదలైంది ఆ ఐఐటీ ఆవరణ నుంచే. మన ఊళ్లలో అంత పెద్ద పార్కు ఇవాళే రాదు. ఆ షరతు పెట్టడానికి మాత్రం పైసా ఖర్చు లేదు. ప్రతి ఒప్పందంలో సమస్య పేరు, బాధ్యుడి పేరు, డబ్బు, గడువు రాయాలి. ఏడాది చివర ఏం తేలిందో, ఏం తేలలేదో తెలుగులో ప్రకటించాలి. విఫలమైనా సరే, ప్రకటించాలి. గోగు రైతుకూ, బాడీ మేస్త్రికీ అది తెలుసుకునే హక్కు ఉంది.

విజయనగరంలోని జేఎన్‌టీయూ-గురజాడ, ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్లకు నాదొక విన్నపం. వచ్చే ఏడాది ఫైనలియర్ ప్రాజెక్టులు కేటాయించే ముందే ఆమదాలవలస శాస్త్రవేత్తలను, పలాస జీడి వ్యాపారులను, సాలూరు బాడీ బిల్డర్లను, ఈ-ఆటో యూనియన్ వాళ్లను ఒక రోజు పిలిపించండి. వాళ్లు చెప్పే సమస్యల జాబితా తీసుకుని, రాజాం, టెక్కలి, చింతలవలస సహా చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలన్నిటికీ పంచండి. ఆ జాబితాను మీ పత్రిక జిల్లా పేజీలో అచ్చు వేయాలని సంపాదకులుగా మిమ్మల్ని కూడా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పాలిటెక్నిక్ లెక్చరర్,
విజయనగరం