అంకెలున్నాయి, సమీక్ష ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

మీ సినిమా పేజీలో ఈమధ్య చిత్రం ఎలా ఉందన్న మాట కంటే ఎంత వసూలు చేసిందన్న అంకే పెద్ద అక్షరాల్లో కనబడుతోంది. పోనీ ఆ అంకైనా స్పష్టంగా ఉంటుందా అంటే అదీ లేదు. టికెట్లపై వచ్చిన మొత్తం గ్రాస్ అనీ, అందులోంచి పన్నులూ థియేటర్ అద్దెలూ పోగా పంపిణీదారుకు మిగిలేది షేర్ అనీ తెలిసిన విలేకరులే ఒకరోజు దాన్నీ, మరునాడు దీన్నీ ప్రకటిస్తే, పాఠకుడు దేన్ని దేనితో పోల్చుకోవాలి? నిర్మాతలు పంపిన పోస్టర్‌లోని సంఖ్యను వారి ప్రకటనగా పేర్కొనకుండా వార్తగా వేయడం మరీ అన్యాయం.

టీవీ ధారావాహికల గురించి రేటింగుల పట్టిక తప్ప ఒక్క విశ్లేషణా రాదు. నృత్య ప్రదర్శనల వార్తలది మరో తంతు. జ్యోతి వెలిగించినవారు, శాలువా కప్పినవారు, ప్రసంగించినవారు వరుసగా ఉంటారు. నర్తకి ఏ అంశం ప్రదర్శించిందో, తాళాలు మోగిస్తూ నృత్యాన్ని నడిపించే నట్టువాంగం ఎవరిదో, మృదంగం ఎవరు వాయించారో మాత్రం ఉండదు. నాట్యశాస్త్రం 27వ అధ్యాయంలో భరతముని ప్రదర్శనను తూచే ప్రాశ్నికులుగా ఛందోవేత్త, గాయకుడు, చిత్రకారుడు వంటి వేర్వేరు విద్యలవారిని పేర్కొన్నాడు. అంతమందిని అడగను గానీ, సన్మానాల ఫొటో అందగానే లేచి వెళ్లిపోకుండా, చివరి అంశం దాకా హాల్లో కూర్చునే ఒక్క సమీక్షకుణ్ణయినా పంపించండి. అలాగే, సినిమా సమీక్షల్లో ద్వితీయార్ధపు మలుపును విడుదల రోజే బయటపెట్టవద్దని మీ రచయితలకు చెప్పగలరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు