నాలుగు నెలల్లో ఒక్కరైనా తోటకు రాలేదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

పోయిన జూలైలో మీ కంపెనీ దగ్గర 360 తైవాన్ పింక్ జామ మొక్కలు కొని, సదాశివపేట దగ్గర మా అర ఎకరంలో నాటాను. దీపావళి నాటికి ఆకులు ఎర్రబారాయి. నీళ్లున్నా మొక్కలు తలలు వాల్చేశాయి. ఇప్పటికి 140 ఎండిపోయాయి. ఆ నష్టం ఒక ఎత్తు, మీవాళ్లు నాతో మాట్లాడిన తీరు ఒక ఎత్తు. ముందు అది వినండి.

మొదటిసారి ఫోన్ చేస్తే చాలాసేపు పాట వినిపించాక ఒకమ్మాయి "ఫోటోలు వాట్సాప్ చేయండి సార్" అంది. పదకొండు పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. వారం ఆగి చేస్తే ఇంకొకాయన "నీళ్లు ఎక్కువ పెట్టుంటారు" అన్నాడు. డ్రిప్పు ఎంతసేపు వదులుతున్నానో అడగనైనా అడగలేదు. మూడోసారి పేరు, ఊరు, బిల్లు నంబరు అన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పించుకున్నారు. నాలుగోసారి మీ దగ్గరే దొరికే మందు సీసా కొనమన్నారు. ఐదోసారి "మా టెక్నికల్ ఆఫీసర్ శనివారం వస్తారు" అన్నారు. ఆ శనివారం మా మేనత్త మనవరాలి పెళ్లి. నేను వెళ్లలేదు. పొద్దున్నుంచి చీకటిపడే దాకా గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఆదివారం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది." తోటలో కాలు పెట్టకుండా ఎవరు పరిష్కరించారండీ?

ఆ రోజే ఒక మొక్క పీకి బకెట్ నీళ్లలో వేళ్లు కడిగాను. మీ కవర్లో ఉన్నప్పటి మట్టిముద్ద ఇంకా ఆ ఆకారంలోనే ఉంది. దాని లోపలి వేళ్ల నిండా బుడిపెలు, దారానికి పూసలు గుచ్చినట్టు. ఉద్యాన అధికారికి చూపిస్తే వేరుబుడిపె నులిపురుగు అన్నారు. నర్సరీ మట్టిలో ఉంటే మొక్కతో పాటే పొలంలోకి వస్తుందట. ఈ మాట చెప్పాక మీ సూపర్‌వైజర్ "30 మొక్కలు ఫ్రీగా ఇస్తాం, ఇక వదిలేయండి" అన్నాడు. పురుగు చేరిన ఆ మట్టిలోనే మళ్లీ జామ పెట్టమంటారా?

నేను మీకు కొత్తవాణ్ణి కాదు. 2015లో మీ దగ్గరే 40 అలహాబాద్ సఫేద జామ మొక్కలు తీసుకున్నాను. చలికాలం కాయ తియ్యగా ఉంటుందని, ముంబై హైవే మీద బుట్ట పెట్టి, ముక్కలకు ఉప్పూకారం అద్ది ఇస్తే కార్లు ఆపి మరీ కొన్నారు. మొక్కలెక్కడివని అడిగిన ప్రతివాళ్లకూ మీ పేరే చెప్పాను. మా ఊళ్లో ముగ్గురు నా మాట మీదే మీ దగ్గర కొన్నారు. ఇప్పుడు వాళ్లు వచ్చి నా తోట చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోతున్నారు. నాకు అది అన్నిటికంటే కష్టంగా ఉంది.

విత్తనాలు కొన్న రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులే. బిల్లు, ఫోటోలు, మీ మెసేజ్ అన్నీ నా దగ్గరున్నాయి. మొక్కల డబ్బు, నాటిన కూలి, మట్టి బాగుచేసుకునే ఖర్చు ఇవ్వాలి. అంతకంటే ముందు మీ మనిషి వచ్చి నా ఎదురుగా ఒక మొక్క పీకి చూడాలి. పదిహేను రోజుల్లో రాకపోతే సంగారెడ్డి వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను, మీ నర్సరీ లైసెన్సు మీద ఉద్యాన శాఖకూ రాసిస్తాను.

మీవాళ్లు చూస్తారనే మిగిలిన 220 మొక్కలు పీకకుండా ఉంచాను. వాటి పక్క మడే నా సఫేద చెట్లది. నీళ్లు పారినప్పుడల్లా ఆ పురుగు అటు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. వచ్చేవాళ్లు త్వరగా రండి.

ఇట్లు,
మీ పాత ఖాతాదారుడు