తెరలు తర్వాత, ముందు ప్రశ్నపత్రం: మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ మానవ వనరుల అభివృద్ధి, ఐటీ శాఖల మంత్రి గారికి,

నమస్కారం. చదువు, టెక్నాలజీ రెండూ ఒకే మంత్రి చేతిలో ఉండటం అరుదు. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. నేను డిగ్రీ, పీజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. కాలేజీ గదిలో గోడకు పెద్ద డిజిటల్ తెర బిగించినంత మాత్రాన పాఠం మారడం లేదు. అది మారాలంటే ముందు పరీక్ష మారాలి. నేను చెప్పదలుచుకున్నది ఇంతే.

తెర వచ్చిన గదిలో ఏం జరుగుతోందంటే, లెక్చరర్ పెన్‌డ్రైవ్ పెట్టి పీపీటీ తెరుస్తారు, స్లైడ్ మీద ఉన్నది చదువుతారు. పిల్లలు ఫోన్లు ఎత్తి ఫోటోలు తీసుకుంటారు. ఇదివరకు మేం బోర్డు మీద రాస్తుంటే వాళ్లూ రాసుకునేవారు, ఆ కాస్త టైములోనైనా బుర్ర పనిచేసేది. ఇప్పుడు ఒక యూనిట్ రెండు క్లాసుల్లో అయిపోతోంది. సిలబస్ పూర్తయిందని రిజిస్టర్‌లో రాసేస్తున్నాం. ఇక యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోతే దాన్ని ఏ పద్దు కింద మార్పించాలో ఎవరికీ తెలీదు.

అదే గదిలో తెరతో పనిలేని ఒక ప్రశ్న వేసి చూడండి. లారీ, ఆటో ఎదురెదురుగా గుద్దుకున్నాయి. ఆటో మీద లారీ చూపిన బలం ఎక్కువా, లారీ మీద ఆటో చూపినది ఎక్కువా, రెండూ సమానమా? న్యూటన్ మూడో సూత్రాన్ని తడుముకోకుండా అప్పజెప్పేవాళ్లలో కూడా చాలామంది లారీదే ఎక్కువ అంటారు. ఆ సూత్రం ప్రకారం రెండూ సమానం.

ఇది మన పిల్లల వెనకబాటు కాదు. 1990ల మొదట్లో అమెరికాలోని హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్‌కు సరిగ్గా ఇదే ఎదురైంది. పాఠం బాగా చెబుతాడని ఆయనకు పేరు. ఇలాంటి ప్రశ్నలతో పరీక్ష పెడితే ఒక విద్యార్థిని, మీరు చెప్పినట్టు రాయాలా, నేను అనుకుంటున్నట్టు రాయాలా అని అడిగింది. అప్పటినుంచి ఆయన పద్ధతి మార్చేశాడు. పాఠం మధ్యలో ఒక ప్రశ్న వేస్తాడు. ముందు ఎవరికి వారు జవాబు ఎంచుకోవాలి, తర్వాత పక్కవాళ్లతో వాదించాలి, మళ్లీ ఎంచుకోవాలి. దీన్ని పీర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు.

మన దగ్గర ఈ పద్ధతికి ఇంకో లాభం ఉంది. పుస్తకం ఇంగ్లీషు, పరీక్ష ఇంగ్లీషు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లాడు సెమిస్టర్ అంతా నోరు తెరవడు, తెరిస్తే తప్పులొస్తాయని టెన్షన్. పక్కవాడితో మాట్లాడుకోండి అనగానే గది మొత్తం తెలుగులోకి వచ్చేస్తుంది. ‘నుజ్జయింది ఆటోనే కదరా’ అని ఒకడంటే, ‘నుజ్జవడం వేరు, బలం వేరు. ఆటో తేలిక కాబట్టి దానికి త్వరణం ఎక్కువ’ అని ఇంకొకడంటాడు. ఆ రెండో మాట నేను గంట చెప్పినా ఎక్కనిది, స్నేహితుడు చెబితే ఎక్కుతుంది. ఇంగ్లీషు మీడియం కోర్సుల్లోనూ స్థానిక భాషలో పరీక్ష రాయనివ్వాలని 2023లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) విశ్వవిద్యాలయాలను కోరింది. పరీక్ష సంగతి సరే, తరగతి గదిలో తెలుగులో ఆలోచించడానికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు.

ఇక ఖర్చు. జవాబు చూపించడానికి ఎ, బి, సి, డి అని రాసిన అట్టముక్కలు చాలు. మజూర్ కూడా మొదట ఏ యంత్రం లేకుండానే నడిపాడు, జవాబు నొక్కే రిమోట్ లాంటి క్లిక్కర్లు తర్వాత వచ్చాయి. అట్టలకూ క్లిక్కర్లకూ తేడా ఎంత అని కెనడాలో నాథనియల్ లాస్రీ పోల్చి చూసి 2008లో ప్రచురించాడు. నేర్చుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే పనిచేసింది పద్ధతి, పరికరం కాదు. ఇంకో లెక్క కూడా మీ ముందు పెట్టాలి. సైన్సు, ఇంజనీరింగు, గణితం కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను కలిపి 2014లో అమెరికా పరిశోధకులు విశ్లేషించారు. ఉపన్యాసమే నడిచిన తరగతుల్లో దాదాపు 34 శాతం ఫెయిలైతే, పిల్లల చేత పని చేయించిన తరగతుల్లో అది 22 శాతం దగ్గర ఆగింది.

టెక్నాలజీ వద్దని నా ఉద్దేశం కాదు. నోబెల్ గ్రహీత కార్ల్ వైమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలు, ఉచితం, ఫోన్‌లో నడుస్తాయి, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. ల్యాబ్‌లో లేని పరికరాన్ని పిల్లాడు తన చేత్తో తిప్పి చూడొచ్చు. మీ ప్రభుత్వమే 2025లో ప్రభుత్వ సేవలకోసం ‘మన మిత్ర’ తెచ్చినప్పుడు జనానికి కొత్త పరికరం ఇవ్వలేదు, వాళ్ల చేతిలో ఉన్న వాట్సాప్‌నే వాడుకుంది. కాలేజీల దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎందుకో టెండరు దారి పడుతోంది.

ఇన్ని తెలిసీ లెక్చరర్లు ఎందుకు మారరంటారా? మారితే పిల్లలే ఊరుకోరు. ‘సార్, ఇంపార్టెంట్ క్వశ్చన్లు చెప్పండి’ అంటారు. వాళ్ల తప్పేం లేదు. సెమిస్టర్ పరీక్షలో ‘న్యూటన్ సూత్రాలను వివరించుము’ అనే వస్తుంది, లారీ, ఆటో రావు. పాత పేపర్లు, గైడు చేతిలో ఉంటే క్లాసుకు రాకపోయినా పాసవుతారు. పైగా 2019లో హార్వర్డ్‌లోనే ఇంకో సంగతి తేలింది. వాదించుకుంటూ నేర్చుకున్న పిల్లలు నిజానికి ఎక్కువే నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. బుర్రకు శ్రమ కలిగింది కదా! అలాంటి క్లాసు నడిపే గెస్ట్ ఫ్యాకల్టీకి ఫీడ్‌బ్యాక్ ఫారంలో మార్కులు తగ్గితే వచ్చే ఏడాది పిలుపు వస్తుందా? ఖాళీ పోస్టులను గంటల లెక్కన జీతమిచ్చే మనుషులతో నెట్టుకొస్తూ, బోధనలో ప్రయోగాలు చేయమనడం న్యాయం కాదు.

కాబట్టి ఉన్నత విద్యా మండలి ద్వారా మీరు చేయించదగ్గ పని ఒకటుంది. ప్రతి పేపర్‌లో కనీసం పావు వంతు మార్కులు గైడులో దొరకని, ఆలోచించి రాయాల్సిన ప్రశ్నలకు కేటాయించమని, సిలబస్ తయారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లకు చెప్పండి. ఆ ప్రశ్నలు తయారుచేయడం వచ్చిన అధ్యాపకులు అన్ని యూనివర్సిటీల్లోనూ ఉన్నారు. వాళ్లను ఒకచోట కూర్చోబెట్టి, పాఠాల వారీగా ప్రశ్నల బ్యాంకు చేయించి, తెలుగు, ఇంగ్లీషు రెండింట్లో అందరికీ తెరిచి పెట్టండి. ఆ పని చేసినవాళ్లకు పదోన్నతిలో లెక్కకు వచ్చేలా చూడండి, ఊరికే చేయమంటే ఎవరూ చేయరు. తెరలు కొనక తప్పదంటే, ఆ టెండరులోనే ఐదేళ్ల మరమ్మతు, ఏటా లెక్చరర్లకు విషయం వారీ శిక్షణ కలిపి రాయించండి. శిక్షణ అంటే బటన్లు చూపించి సర్టిఫికెట్ ఇవ్వడం కాదు. ఫిజిక్స్ వాళ్లకు ఫిజిక్స్ చెప్పేవాళ్లే వచ్చి, ఒక పాఠం నడిపి చూపించాలి.

మొదట మూడు నాలుగు సబ్జెక్టుల్లో, ఒక్క సెమిస్టర్ పెట్టి చూడండి. పాసైనవాళ్ల లెక్క పడిపోతుందని కింది అధికారులు భయపెడతారు. మొదటి ఏడాది నిజంగానే పడొచ్చు, అందుకు మీరు సిద్ధంగా ఉంటే మేమూ సిద్ధమే.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ అధ్యాపకుడు