సంతకం బ్రస్సెల్స్‌లో, దెబ్బ కుట్టు మిషను మీద

సంపాదకుల వారికి నమస్కారం.

శ్రీలంక మీద జెనీవాలోని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో తీర్మానానికి ఓటింగ్ జరిగినప్పుడల్లా మన పేపర్లలో లోపలి పేజీలో నాలుగు లైన్లు పడతాయి. ఇన్ని దేశాలు అనుకూలం, ఇన్ని వ్యతిరేకం, భారత్ ఓటింగ్‌కు దూరం, అంతే. నేను కూడా చాలా ఏళ్లు వాటిని దాటేసి సినిమా పేజీకి వెళ్లిపోయినదాన్నే. ఆ నాలుగు లైన్ల వెనక సంగతి నాకు మా మేనకోడలి వల్ల తెలిసింది.

మాది యలమంచిలి. పక్కనే అచ్యుతాపురంలో శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ వాళ్ల అపారెల్ సిటీ ఉంది. తెల్లారకముందే మెడలో ఐడీ కార్డు, చేతిలో టిఫిన్ బాక్సుతో బస్సు కోసం నిలబడే ఆడపిల్లల్ని చూస్తే చాలు, ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లు కుట్టుపని మీద నడుస్తున్నాయో తెలిసిపోతుంది. మా మేనకోడలు కూడా కొన్నేళ్లు ఒక కుట్టు కంపెనీలో చేసింది, పేరు ఎందుకులెండి. అక్కడ వీళ్లకి పని నేర్పడానికి కొలంబో వైపు నుంచి వచ్చిన ఒక సింహళావిడ ఉండేది. ఆవిడకి తెలుగులో వచ్చినవి "అమ్మా", "తొందరగా", "మళ్లీ కుట్టు" అనే మూడు మాటలేనట. ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, చేపల పులుసు రెండోసారి వేయించుకుని, వచ్చీరాని ఇంగ్లీషులో 2010 సంగతి చెప్పుకొచ్చింది.

అప్పట్లో వాళ్లు ముగ్గురు అక్కచెల్లెళ్లు విమానాశ్రయం దగ్గర కటునాయకలో ఒకే గది అద్దెకు తీసుకుని, ఒకే చిన్న ఫ్యాక్టరీలో చేసేవారట. ఆ ఆగస్టు తర్వాత ఆర్డర్లు తగ్గుతూ వచ్చి చివరికి ఓనరు షట్టరు దించేశాడు. పెద్ద కంపెనీలు తట్టుకున్నాయి, మాలాంటి చిన్నవి తట్టుకోలేకపోయాయి అంది. చిన్న చెల్లెలు మన కోనసీమ ఆడవాళ్లు వెళ్లినట్టే కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది, రెండేళ్లు ఆ పిల్ల పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది. శ్రీలంకలో మానవ హక్కులు బాగుచేద్దామని యూరప్ తీసుకున్న నిర్ణయం ఈ అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి ఇలా తేలింది.

అసలు జరిగింది ఏంటంటే, బ్రస్సెల్స్ కేంద్రంగా నడిచే యూరోపియన్ యూనియన్ కొన్ని అభివృద్ధి చెందుతున్న దేశాలకు జీఎస్పీ ప్లస్ అని ఒక రాయితీ ఇస్తుంది. హక్కులు, కార్మిక చట్టాలు, పర్యావరణం మీద అంతర్జాతీయ ఒప్పందాలు పాటిస్తే బట్టల మీద సుంకం సున్నా. మామూలుగా ఆ సుంకం 12 శాతం, సాధారణ జీఎస్పీ కింద అయితే 9.6 శాతం. చిత్రహింసల నిషేధం, పిల్లల హక్కులు, పౌర హక్కుల ఒప్పందాలను కొలంబో అమలు చేయడం లేదని 2010 ఆగస్టు 15 నుంచి ప్లస్ తీసేశారు. అంటే పది యూరోల చొక్కా మీద దాదాపు ఒక యూరో పెరిగింది. వినడానికి అదెంత అనిపిస్తుంది గానీ, ఈ వ్యాపారంలో కొనేవాడు చొక్కాకి అయిదు సెంట్ల దగ్గర కూడా బేరమాడతాడని మా మేనకోడలు అంటుంది. పక్కనే బంగ్లాదేశ్‌కు వెనకబడిన దేశం కింద సుంకం సున్నాయే. ఆ బంగ్లాదేశ్‌లోనే 2013 ఏప్రిల్‌లో రాణా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. అప్పుడు అమెరికా ఏం చేసిందంటే, బంగ్లాదేశ్‌కు తన జీఎస్పీ రాయితీ ఆపేసింది, పెద్ద వార్త అయింది. తమాషా ఏమిటంటే ఆ అమెరికా రాయితీలో బట్టలు మొదటినుంచీ లేనే లేవు!

ఇంతా చెప్పి, శ్రీలంక మీద ఆరోపణలు అబద్ధమని నేను అనడం లేదు, దయచేసి ఎవరూ అలా చదవొద్దు. 2009లో సైన్యానికీ ఎల్‌టీటీఈ తమిళ పులులకీ మధ్య యుద్ధం చివరి నెలల్లో 40,000 మంది దాకా పౌరులు చనిపోయి ఉండొచ్చని 2011లో ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందమే రాసింది. ఎల్‌టీటీఈ జనాన్ని అడ్డం పెట్టుకుంది, పారిపోయేవాళ్లను కాల్చింది, అదీ ఆ నివేదికలోనే ఉంది. జాఫ్నా దగ్గర చెమ్మణిలో వందల శవాలు పూడ్చామని 1998లోనే ఒక సైనికుడు కోర్టులో చెప్పాడు. మరుసటి ఏడాది తవ్వి 15 తీసి ఆపేశారు. 2025 ఫిబ్రవరిలో అక్కడి శ్మశానంలో దహనవాటిక కోసం తవ్వుతుంటే మళ్లీ ఎముకలు బయటపడ్డాయి, ఆ ఏడాదిలోనే 200కు పైగా అస్థిపంజరాలు తీశారు. పిల్లలవి కూడా ఉన్నాయి. ఒకదాని పక్కన నీలం రంగు బడి సంచి దొరికింది. నేను పాతికేళ్లు చిన్నపిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఆ ఫొటో చూశాక ఆ రోజు ఇంకో పని చేయలేకపోయాను. అక్కడే ఉత్తరాన కిలినొచ్చిలో, ఆచూకీ లేకుండా మాయమైన పిల్లల ఫొటోలు పట్టుకుని అమ్మలు 2017 ఫిబ్రవరిలో రోడ్డు పక్కన కూర్చున్నారు, వాళ్లలో కొందరు జవాబు రాకుండానే కన్నుమూశారు.

కాబట్టి అడిగే ప్రశ్న న్యాయమైనదే. నా గొడవంతా అడిగేవాళ్లు ఎప్పుడు అడుగుతారు, ఎప్పుడు మరిచిపోతారు అన్న దానితోనే. అప్పటి శ్రీలంక అధ్యక్షుడు మహిందా రాజపక్స చైనాకు దగ్గరై, 2014లో చైనా జలాంతర్గాములు కొలంబో రేవులో ఆగినప్పుడు జెనీవాలో గొంతులు గట్టిగా ఉన్నాయి. 2015లో అధ్యక్ష ఎన్నికల్లో ఆయన్ని ఓడించి సిరిసేన గెలిచాడు, ఆ ప్రభుత్వం జెనీవా తీర్మానం మీద తానే సంతకం పెడతానంది, 2017 మేలో జీఎస్పీ ప్లస్ తిరిగొచ్చింది. ఆ మధ్యలో ఒక్క జనరల్ కూడా బోనెక్కలేదు. ఏ ఉగ్రవాద నిరోధక చట్టం తీసేయమన్నారో, 1979 నాటిది, అదీ పోలేదు. పైగా హంబన్‌టోట రేవును చైనా కంపెనీకి 99 ఏళ్లకు రాసిచ్చింది కూడా పశ్చిమ దేశాలు మెచ్చుకున్న ఆ ప్రభుత్వమే!

అదే పెద్ద దేశాలు సౌదీ దగ్గర ఎలా ఉన్నాయో చూడండి. 2018 అక్టోబరులో ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లో ఆ దేశపు జర్నలిస్టు ఖషోగ్గీని చంపారు. సౌదీని వెలివేస్తానని ఎన్నికల్లో చెప్పిన బైడెన్ 2022 జులైలో పెట్రోలు ధర మండుతుంటే జెద్దా వెళ్లి యువరాజుతో పిడికిలి తాకించి వచ్చాడు. మన విషయం కూడా అంతేగా, 2005లో నరేంద్ర మోదీకి వీసా లేదన్న వాషింగ్టనే 2014లో ఆయన ప్రధాని కాగానే ఎర్ర తివాచీ పరిచింది. మధ్యలో ఏ కొత్త నిజం తెలిసిందని? దేశం పెద్దదైతే హక్కుల ఫైలు సొరుగులోకి పోతుంది. శ్రీలంకకు చమురూ లేదు, పెద్ద మార్కెట్టూ లేదు.

అలాగని కొలంబో నాయకుల మీద నాకు జాలేమీ లేదు. 2010లో యూరప్ పదిహేను షరతులు రాసి పంపితే, మా సార్వభౌమత్వం అంటూ వాటిని తిరగ్గొట్టి జనంలో హీరోలయ్యారు. పోయింది వాళ్ల జీతం కాదు గదా. పెద్ద దేశం ఎంత అన్యాయంగా వేలు చూపిస్తే చిన్న దేశపు పాలకుడికి అంత సుఖం, చూశారా మనమీద కుట్ర అని ఒక మాట అంటే సరిపోతుంది. బయటి ఒత్తిడి అసలు వద్దా అని అడిగితే, కావాలి, కానీ సుంకం రూపంలో కాదు, తప్పుచేసినవాడి పేరు పెట్టి ఉండాలి అంటాను. 2025 మార్చిలో బ్రిటన్ ముగ్గురు మాజీ సైనికాధికారుల మీద, ఎల్‌టీటీఈ నుంచి బయటికొచ్చిన కరుణ మీద ప్రయాణ నిషేధం పెట్టి ఆస్తులు స్తంభింపజేసింది. దానివల్ల కటునాయకలో ఒక్క మిషనూ ఆగలేదు. కాకపోతే యుద్ధం అయిన పదహారేళ్లకు, ఆ అధికారులు పింఛన్లు తీసుకుంటున్నప్పుడు చేశారు.

ఇక మన దేశం. 2009 మేలో, యుద్ధం ముగిసిన వారం రోజులకే, శ్రీలంకను మెచ్చుకున్న తీర్మానానికి మనం ఓటేశాం. 2012, 2013లో డీఎంకే ఒత్తిడి మీద శ్రీలంకకు వ్యతిరేకంగా ఓటేశాం. 2014లో తప్పుకున్నాం, 2021లో తప్పుకున్నాం, 2022 అక్టోబరులో 20 దేశాలు అవునని, 7 కాదని అంటే తటస్థంగా ఉన్న 20లో మనమూ ఒకరం. ఆ ఏడాదే వాళ్ల సంక్షోభంలో 400 కోట్ల డాలర్ల సాయం చేశాం, మంచిదే, గర్వంగానే ఉంది. అక్కడి ట్రింకోమలీ రేవులో చమురు ట్యాంకుల మీద మన ఒప్పందమూ ఆ జనవరిలోనే కుదిరింది. ఈ రెండింటికీ ఆ తటస్థానికీ సంబంధం ఉందో లేదో నాలాంటి వాళ్లకి ఎవరూ చెప్పరు. అమెరికాను తిట్టేటప్పుడు మన లెక్క కూడా చూసుకోవాలి కదండీ.

సింహళావిడ ఎప్పుడో వాళ్ల దేశం వెళ్లిపోయింది, మా మేనకోడలితో వాట్సాప్‌లో మాత్రం ఉంది. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ శ్రీలంక మీద 44 శాతం సుంకం ప్రకటించిన రోజు మెసేజ్ పెట్టింది, ఈసారి మేం ఏ ఒప్పందం తప్పామట అని. ఏదీ లేదు, వాళ్లు అమ్మేది ఎక్కువ, కొనేది తక్కువ అన్నదే అమెరికా ఫిర్యాదు. తర్వాత దాన్ని 20కి దించారు. ఆ నాలుగు నెలలూ టెన్షన్‌తో నిద్రపోలేదని రాసింది.

మీకు నా విన్నపం చిన్నది. ఈసారి జెనీవాలో ఓటింగ్ జరిగినప్పుడు ఆ నాలుగు లైన్లతో సరిపెట్టకండి. మన ప్రతినిధి అక్కడ చదివిన వివరణ పూర్తిగా తెలుగులో వేయండి. దాని పక్కనే కిలినొచ్చిలో ఆ రోజుకి ఎంతమంది అమ్మలు కూర్చుని ఉన్నారో రాయండి. వీలైతే చెమ్మణికి ఒక విలేకరిని పంపండి, చెన్నై నుంచి జాఫ్నాకు విమానం ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు, యలమంచిలి, అనకాపల్లి జిల్లా