కలెక్టర్ గారూ, మా ఊరిని టౌన్‌లో కలపొద్దు

కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి,

హంద్రీ ఒడ్డు పల్లె జనం నమస్కరించి రాసుకునేది.

మా పంచాయతీని కర్నూలు నగరపాలక సంస్థలో కలిపి, ఏటి పక్క పొలాలను వ్యవసాయ జోన్ నుంచి నివాస జోన్‌కు మారుస్తారట. మాకింకా కాగితం రాలేదు గానీ రాళ్లు వచ్చేశాయి. ఉల్లిగడ్డ పీకిన చేలో సున్నం పూసిన హద్దురాళ్లు, పక్కన రంగు జెండాలు. ఒక అవ్వ ఆ రాయికే మేకను కట్టేస్తోంది. ఇంతవరకూ జరిగిన మేలు అదొక్కటే.

2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు ఈ చేలల్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. చేలు కాబట్టి పైరుతో పోయింది. అక్కడే సిమెంటు రోడ్లేసి ఇళ్లు కడితే ఆ నీళ్లు ఎటు పోవాలి? ఇళ్ల ప్లాట్ల బ్రోచర్‌లో అక్కడ స్విమ్మింగ్ పూల్ గీశారు. ఆ సంగతి హంద్రీ చూసుకుంటుంది లెండి. పైగా ఆ నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. మా ఇళ్ల గోడలు చూస్తే తెలుస్తుంది.

ఉపాధి హామీ పనులు పల్లెలకే. టౌన్ అయితే ఎండాకాలం కూలి పోతుంది, ఇంటిపన్ను మాత్రం పెరుగుతుందని ఆడవాళ్లకు ఒకటే టెన్షన్.

ఇళ్లే వద్దని మేమనడం లేదు. ముందు గ్రామసభ పెట్టండి. సర్వే నంబర్లతో మ్యాప్‌ను తెలుగులో పంచాయతీ గోడకు అంటించండి. వానాకాలంలో ఒకసారి మీరే వచ్చి చూడండి. చెప్పులు చేత పట్టుకుని నడవాలి, ముందే చెబుతున్నాం.

ఇట్లు,
ఊరి రైతులు, కూలీలు